పట్టిన బంతి

బఫెలో నగరంలో అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం బయట కారు అద్దం మీద మంచు పేరుకుంటోంది. ఓడిన జట్టు ఆటగాడు తాళం తిప్పకుండా కూర్చున్నాడు. పక్క సీట్లో అతని భార్య.

“నువ్వు బంతి పట్టావని రిఫరీలే ఒప్పుకున్నారుగా. మరి ఓడిపోవడమేంటి?”

“వాళ్లు పట్టలేదని అనుంటేనే బాగుండేది. బంతి మా దగ్గరే ఉండేది, ఇంకోసారి ఆడేవాళ్లం.”

“చేతిలోంచి జారిపోయిందిగా?”

“జారేముందు పాయింట్లొచ్చే గోల్ గీత వైపు చెయ్యి చాచాను. చాచానంటే పట్టేసినట్టే లెక్క. ఆ తర్వాత జారితే పోగొట్టుకున్నట్టు. వాళ్లోడు దాని మీద పడి బంతి లాగేసుకున్నాడు.”

“చాచకుండా గుండెకి హత్తుకుని పడుంటే?”

“గెలిచేవాళ్లమేమో. గీత అంత దగ్గర్లో కనబడేసరికి ఆశపడ్డాను.”

ఆమె ఒళ్లో ఉన్న ఫోన్ చూసింది.

“మీ నాన్న ఫోన్ చేశారు. మావాడు పట్టాడని తేల్చారు చూశావా అని మురిసిపోతున్నారు. ఆయనకేం చెప్పను?”

అతను తాళం తిప్పాడు.

“పట్టాననే చెప్పు.”