సగంలో ఉన్న తివాచీ

గఫ్సా ఊళ్ళో తుర్కియా ఇల్లు. నిలువు మగ్గానికి ఇవతల కోడలు వాసిలా నేస్తోంది. అవతల నేలమీద చతికిలబడ్డ అత్త తుర్కియా ఆమెకు కనబడదు.

"మళ్ళీ కాలు మార్చావు."

"లేదత్తా."

"బల్ల కిర్రుమంది, నాకు చెవుడా? కుంపటి పెట్టనా కాలి దగ్గర?"

"వద్దు వద్దు. వేడి తగలనివ్వొద్దంది డాక్టరమ్మ. కాలినా తెలియదట."

"తెలియదంటే... అసలు తెలియట్లేదా?"

"వేళ్ళు కాస్త మొద్దుబారాయి, అంతే. ఆ ఎర్ర ఉన్ని ఇటు విసురు."

"ఉన్ని సంగతి తర్వాత. ఆవిడ ఏమందో మళ్ళీ చెప్పు. నీ మొగుడు చెబితే నా బుర్రకెక్కలేదు."

"ఎన్నిసార్లత్తా? కాలికి నెత్తురు తెచ్చే నాళం అందరికీ తొడ ముందు నుంచి వస్తుందట. నాకు పుట్టుకతోనే వెనక నుంచి, పిరుదు కింద నుంచి వస్తోందట. ఎక్కడో ఒకరికి అలా ఉంటుందట."

"అంటే దానిమీదే కూర్చుని నేస్తున్నావు."

"ఎర్ర ఉన్ని ఇస్తావా లేదా?"

"వాసిలా."

"నలిగి నలిగి ఉబ్బిందట. అందులో నెత్తురు గడ్డకట్టి వేళ్ళలోకి జారుతోందట. సరేనా? నేసేశాక వెళతాను."

"నేసేశాక, నేసేశాక. రేపు స్ఫాక్స్ ఆసుపత్రిలో మంచం ఉందన్నారు. ఆలస్యమైతే కాలు తీసేస్తామన్నారా లేదా?"

"సల్వా నీ కూతురేనా? పెళ్ళినాడు పాత తివాచీ మీద కూర్చోబెడతావా దాన్ని?"

"ఇంకెవరిచేతనైనా నేయిద్దాం."

"ఒకరు మొదలెట్టింది ఇంకొకరు ముట్టకూడదన్నది నువ్వే. సగంలో కోస్తే ఇంట్లోంచి శవం లేస్తుందన్నదీ నువ్వే. కొత్తలో నేను కత్తెర తీస్తే చేతిమీద ఒక్కటిచ్చావు, మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. నీ పక్కన గిన్నెలో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి. ఎందుకు? నేత పూర్తయి కోసేటప్పుడు కదా చల్లేది, పోయినవాళ్ళకు స్నానం చేయించినట్టు."

"చేతిలోకి తీసుకో."

"అత్తా, పడుగు వదులవుతోందేంటి?"

"తీసుకోమన్నానా."

"ఆ చప్పుడేంటి? కత్తెరా? అత్తా, ఆగు, ఆగు. సల్వా ఏమంటుంది, ఊరేమంటుంది, అంత భయపడేదానివి నువ్వే..."

"ఇప్పుడూ భయంగానే ఉంది. నీళ్ళు చల్లు తల్లీ. ఈ ఇంట్లో ఏదో ఒకటి చావాలంటే, ఇదే చావనీ."