టైర్లు మార్పించుకున్న మొదటి చలికాలం

"ఆంటీ, ఇక్కడ స్నో టైర్లు వేయించాల్సిందేనా?" అంటున్నావా? వేయించాలి తల్లీ, మామూలు టైర్లు మంచు మీద జారతాయి. ఆ ఎండల ఫ్రిస్కోలో ఉన్నన్నాళ్ళూ నీకా గొడవ లేదు గానీ, మిషిగన్‌లో తప్పదు. కూర్చో, ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ నాకీ సంగతులేవీ పట్టలేదు. ఆయన చేసిందే కార్ల కంపెనీలో, బ్రేకుల పని. చలి మొదలవగానే ఓ శనివారం పొద్దున గరాజ్‌లో జాకీ పెట్టి నాలుగు చక్రాలూ ఆయనే మార్చేసేవారు. నేను కాఫీ అక్కడ పెట్టి వచ్చేదాన్ని, అంతే. మేం వచ్చిన కొత్తలో ఆయిల్ మార్పిస్తే ఇరవై డాలర్లో ఎంతో, అదీ దండగనేవారు. ఆఁ, ఏం చెప్తున్నాను... ఆయన పోయింది ఎండాకాలం చివర్లో. కార్తీకం దాకా ఇంట్లో వాళ్ళూ వీళ్ళూ ఉన్నారు. తర్వాత మా అమ్మాయి సియాటిల్ వెళ్ళిపోయింది. వెళ్ళాలిగా మరి, దాని ఉద్యోగం దానిది.

మొదటి మంచు పడిన రోజు, పాలు లేవని బయల్దేరాను. టైర్ల సంగతే తట్టలేదు. ఆయన మార్చేసే ఉంటారన్నట్టు వెళ్ళిపోయాను, చూశావా. లైబ్రరీ దగ్గర పల్లం ఉంది కదా, అక్కడ ఎర్ర లైటు పడింది. బ్రేకు తొక్కితే కారు ఆగలేదమ్మా. పక్కకి జారుకుంటూ పోయి రోడ్డు పక్క గట్టుకి కొట్టుకుని ఆగింది. నాకేం కాలేదులే. వెనక కార్లోంచి ఒకాయన దిగొచ్చి, ఎవరికైనా ఫోన్ చేయాలా అని అడిగాడు. ఫోన్ తీసి పేర్లన్నీ జరుపుకుంటూ కూర్చున్నాను. ఎన్ని పేర్లున్నాయో. ఆ పూట వచ్చేవాళ్ళు ఒక్కరూ కనపడలేదు. చివరికి ఇన్సూరెన్సు వాళ్ళకే చేశాను, వాళ్ళు బండి పంపి లాక్కెళ్ళారు.

రిపేరు షాపులో చక్రం దగ్గర రాడ్డు వంగిందన్నారు. దాంతోపాటు బ్రేకులు మార్చాలి, అదేదో షాక్ అబ్జార్బర్లట, అవీ మార్చాలన్నారు. సంతకం పెట్టబోయాను కూడా. అప్పుడు, మా ఆయన ఫ్రెండ్స్‌కి ఫోన్‌లో చెప్పే మాట గుర్తొచ్చింది. అదే అడిగాను, "ఇవాళ చేయకపోతే ఏమవుతుంది?" అని. కౌంటర్ దగ్గరతను, రాడ్డు ఇవాళే మార్చాలి, మిగతావి వచ్చే ఏడాదికైనా పర్లేదన్నాడు. నువ్వూ ఆ మాటే అడుగు. ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మను, ఇంకో షాపులో కూడా కనుక్కో. మొహమాటపడకు.

ఆ తర్వాత టైర్లు. ఎదురింటాయన సాయం పడితే పాత స్నో టైర్లు కార్లో వేసుకుని టైర్ల షాపుకి వెళ్ళాను. ప్రతి దాని మీదా మా ఆయన సుద్దముక్కతో, తెలుగులోనే, 'కుడి ముందు', 'ఎడమ వెనక' అని రాసుకున్నారు. షాపతను రబ్బరు వంచి చూపించాడు, సన్నగా పగుళ్ళు. పైన గీతలు బాగానే ఉన్నా లోపల ఎండిపోయాయి, మంచు మీద పట్టుండదు, కొత్తవి తీసుకోమన్నాడు. పాతవి ఇంటికి తీసుకెళ్తారా, పారేయమంటారా అన్నాడు. పారేయమన్నాను. అన్నాను గానీ, అతను దొర్లించుకుంటూ పోతుంటే ఆ 'కుడి ముందు' కిందికీ పైకీ తిరుగుతూ, తిరుగుతూ...

మూడు గంటలు పడుతుంది, ఎవరినైనా రమ్మని ఇంటికెళ్ళి రండన్నాడతను. ఇక్కడే ఉంటానన్నాను. ఆ వెయిటింగ్ రూములో టీవీ దాని మానాన అది వాగుతోంది. నా పక్కన కూర్చున్నవాళ్ళని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేనూ తలెత్తి చూశాను.

వస్తూ వస్తూ ఆ పల్లం దగ్గర బ్రేకు తొక్కాను. కారు చక్కగా ఆగింది. ఇంటికొచ్చి ఆ మాట చెబుదామనుకుంటే... పోనీలే.

నువ్వు మాత్రం మంచు పడేదాకా ఆగకు, అప్పుడు అపాయింట్‌మెంట్లు దొరకవు. రెండు చాలంటారు కొందరు, వినకు, నాలుగూ వేయించు. ఏ రోజో నాకు చెప్పు, నా కార్లో నీ వెనకే వస్తాను. నీది అక్కడ ఇచ్చేసి ఇద్దరం ఇంటికొచ్చి అన్నం తిందాం. అక్కడ ఒక్కదానివీ కూర్చోకు తల్లీ. చల్లగా ఉండు.