పర్శరాములు కుట్టిన పట్టీ

రాండ్రి, ఇటు దగ్గరికి జరుగుండ్రి. అరుగు మీద జాగ చాలకుంటె మెట్ల మీద కూసోండ్రి. మానసా, నువ్వు ఆ బండి మీదికెళ్ళి దిగు బిడ్డా, సైలెన్సర్ కాలుతది. చింటూ, ఆ పొడుగు గుడ్డ పట్టీని గట్ల గుంజకురా. రైలాట ఆడుకుంటె ఆడుకోండ్రి గని కుట్లు తెంపకుండ్రి. అది నా తలుపు ఎనుక మొలకుండాలె, ఎవరు తీసిండ్రు? సరే తీయి, తీస్తె తీసిండ్రు. చూసినవా, గుడ్డ ఎంత మందముందో. బడి లాగుల గుడ్డ అది. ఎండకు రంగు పోయిందిగని పట్టుకునే పిడి ఒక్కటి సుత ఊడలే. పర్శరాములు కుట్టంటె గట్లుంటది మరి. పర్శరాములెవరా? అగో, ఆయన ఇంటి అరుగు మీద కూసొని ఆయనెవరని అడుగుతున్నరు. మీ తప్పేం లేదులే, మీరు పుట్టకముందే పోయిండు.

సిరిసిల్ల దిక్కు నేతోళ్ళ ఇంట్ల పుట్టిండు. అక్కడ బతుకు నడవక, భార్య కాంతవ్వను తోలుకొని పట్నమొచ్చి, ఇగో ఇప్పుడు నేను కిరాయికున్న ఈ కింది అర్రలనే కుట్టుమిషను పెట్టుకున్నడు. ముందుగాల కిరాయికి, తర్వాత కొనుక్కున్నడు, ఆ తర్వాత పైన రెండంతస్తులు లేపి సదువుకునే పోరలకు హాస్టలు పెట్టిండు. అమీర్‌పేటల కోచింగులు పెరిగినంక గల్లీల అందరు గదే పని చేసిండ్రు కదా. మనిషి పొట్టి. చెవు మీద ఎప్పుడు సుద్దముక్క, మెడల టేపు. జాకెట్టు ఇంకెప్పుడిస్తవని ఆడోళ్ళు లొల్లి పెడితె, ‘అక్కా, జాకెట్టు ఎప్పుడో తయారైంది, గుండీలే అలిగినయి’ అంటుండె. మన బడి పిల్లల బట్టలు ఆయననే కుట్టేటోడు. కొలత తీసేటప్పుడు పిల్లను పేరడుగుతుండె, ఆ పేరు మళ్ల మర్చిపోకపోతుండె. మన బడి ఏదంటావా? ఆ మూలకు రేకుల గేటు లేదూ, హాస్టలు పోరలు బండ్లు పెట్టుకుంటున్నరు, అదే. నేను అండ్లనే సదువు చెప్పిన. చింతచెట్టు సుత ఉండె ఒకటి లోపల, కాయలు రాలితె పాఠమెవరు వినకపోదురు... సరే, చెట్టు ముచ్చట మళ్ల.

ఇప్పుడు జర ఓపిక పట్టుండ్రి, ఒక పాఠం చెప్పాలె, లేకుంటె ఈ ముచ్చట సమజ్ కాదు. ఇంటి పన్నని ఒకటుంటది. ఇల్లున్నోళ్ళు ఏడాదికింతని మున్సిపాలిటీకి కట్టాలె. సొంతానికి ఉంటె తక్కువ, హాస్టలు నడిపి సంపాయిస్తె ఎక్కువ. మన గల్లీల దానికొక ఉపాయముండె. పన్నోళ్ళు టేపు పట్టుకొని మూల మలిగిండ్రంటె ఛాయ్ హోటలాయన గిలాస మీద చెంచతో కొడుతుండె, టింగ్ టింగ్ టింగని. గంతే. హాస్టలు బోర్డుల మీద దుప్పట్లు పడుతుండె. బాల్కనీలల్ల పోరల ప్యాంట్లు మాయమై చీరెలు ఆరుతుండె. విజయేందర్ అని, ఐదంతస్తుల హాస్టలాయన, ఆయనైతె ఒకసారి కింది అర్రల ఊయల కట్టిచ్చిండు. పిల్లనెక్కడ తెస్తడు, బియ్యం మూటకు టోపీ పెట్టి పండవెట్టిండు. నవ్వుండ్రి, మేము సుత నవ్వినం. ఇంకొకటుండె గని, అది నవ్వే ముచ్చట కాదు. మిద్దెల మీద రేకుల అర్రలల్ల పనోళ్ళు కిరాయికుంటుండ్రి. ఊడ్చేటోళ్ళు, వండేటోళ్ళు, మట్టి పనికి పోయేటోళ్ళు. మనుషులెక్కువ కనవడితె కిరాయి ఎక్కువొస్తదని లెక్క, కిరాయి ఎక్కువైతె పన్నెక్కువ. అందుకని వాళ్ళనూ పిల్లలనూ మీదనే ఉంచి, మిద్దె తలుపుకు గొళ్ళెం పెడుతుండ్రి. పిల్లలకు అదొక ఆట. తెల్లారి బడికొచ్చి ‘సార్, నిన్న మేము ఇంట్ల లేము’ అని కిసకిస నవ్వేటోళ్ళు.

ఆ ఏడు వానలకు బడి పైకప్పు పెచ్చులూడింది. మూడో తరగతిని వరండాలకు తెచ్చుకున్నం. ఆడపిల్లల బాత్రూంకు తలుపు లేకుండె, ఒకరు లోపలికి పోతె ఇద్దరు చున్నీ పట్టుకొని నిలబడేటోళ్ళు. పర్శరాములు మనవరాలు నిరోష అండ్లనే సదువుతుండె. ఒకనాడు కొలతలకని వచ్చి, చున్నీ పట్టుకున్న ఆ పిల్లలను చూసి, టేపు తీయకుండనే తిరిగి పోయిండు. సాయంత్రం నా దగ్గరికొచ్చి కూసున్నడు. ‘సారూ, మా దిక్కు మగ్గానికింత అని వేసుకొని బడి కట్టిండ్రు మా పెద్దలు. నేను అండ్లనే నాలుగక్షరాలు నేర్చిన. ఈడ మగ్గాలు లేవు, మంచాలున్నయి. మంచానికింత అని వేసుకోలేమా?’ అన్నడు. అంటే ఏందంటె, మన హాస్టళ్ళను ఇండ్లని కాదు, హాస్టళ్ళనే రాయిద్దాం, పన్ను పెంచుమని మనమే అడుగుదాం, పెరిగిన పైస మన బడికే పెట్టాలని అందరం సంతకాలు చేసి ఇద్దాం. నా పన్ను పెంచుండ్రి అని అడిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలే, ఆ తర్వాతా చూడలే. పెంచితె ఆ పైస మన బడికే వస్తదన్న భరోసా ఏందని నేనడిగిన. అడగకుంటె ఎట్లనూ రాదు కద సారూ అన్నడు.

వినాయకుని మండపం విప్పిన జాగల మీటింగు పెట్టిండ్రు. ఆయన చెప్పుడు కాకముందే విజయేందర్ లేచి, అన్నా, నీ కత్తెర గుడ్డ మీద ఆడనియ్యి, మా జేబుల మీదికెందుకు తెస్తున్నవని అన్నడు. అందరు నవ్విండ్రు. మా పిల్లలెవరన్న ఆ బడికి పోతుండ్రా అని సుత అడిగిండు. నిజమే, నిరోష ఒక్కతి తప్ప ఇల్లున్నోళ్ళ పిల్లలంతా వ్యానులెక్కి ఫీజుల బడికి పోతుండ్రి. గప్పుడు పర్శరాములు మెల్లగనే అన్నడు, ‘మన పిల్లలు పోరు తమ్మీ. మన ఇండ్లు ఊడ్చేటోళ్ళ పిల్లలు పోతరు. మన మిద్దె మీదనే పండుకునే పిల్లలు.’  అందరు కుర్చీలు మడిచిపెట్టి ఇండ్లకు పోయిండ్రు. ఆయన ఒక్కడే లక్డీకాపూల్ బస్సెక్కి మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి, ఒక్కడే సంతకం పెట్టి, దరఖాస్తు ఇచ్చొచ్చిండు. ఆనాటి నుంచి గల్లీల ఒకటే మాట. పర్శరాములు పన్నోళ్ళను తోలుకొస్తుండట, ఈసారి మిద్దెల మీద సుత చూస్తరట. జాకెట్లు కుట్టిచ్చుకునేటోళ్ళు సుత ఎస్.ఆర్. నగర్ పోవుడు మొదలువెట్టిండ్రు.

ఆ దినం ఎట్లయిందంటె, పొద్దున బడి గంట కొట్టిన, ఎవరు రాలే. నిరోష వచ్చింది, యూసుఫ్‌గూడ దిక్కు పిల్లలు ఇద్దరు ముగ్గురొచ్చిండ్రు. మిగితా బెంచీలు ఖాళీ. గల్లీల నుంచి టింగ్ టింగ్ వినవడుతుండె. నీలి బడి బట్టల పిల్లలు మెట్లు దిగుతుంటె ఎన్ని కుటుంబాలున్నయో తెలిసిపోతదని, ఆ దినం పిల్లలను బడికే పంపలే. మెడల కార్డు, చేతుల అట్ట పట్టుకొని ఒకాయన ఇల్లిల్లు తిరుగుతుండట. పర్శరాములు మాత్రం బోర్డు మీద దుప్పటి వేయలే. తలుపులన్ని తీసి, రాండ్రి సార్, మూడంతస్తులు చూసుకోండ్రి, దాచేదేం లేదని అన్నడట. కాంతవ్వ ఛాయ్ పెట్టింది, ఆమెనే నాకు చెప్పింది ఇదంత. ఆయన ఛాయ్ తాగి ఏమన్నడంటె, ‘మీ మంచాలతోని నాకేం పని తాతా. నేను పిల్లల లెక్కకొచ్చిన. బడికి పోయే పిల్లలు ఈ గల్లీల తక్కువుంటె ఇక్కడి బడి తీసి రోడ్డవతలి బడిల కలుపుతరు. ఏ ఇల్లడిగినా పిల్లలే లేరంటున్నరు.’

పర్శరాములు చేతిల కత్తెర అట్లనే ఉంది, ఉరికిండు. నేను గేటు కాడ నిలబడి చూసిన, మెడల టేపు రెండు దిక్కుల ఎగురుతుండె. ఇల్లిల్లు తలుపు కొట్టిండు. తీయుండ్రి, ఈయన పన్నుకు రాలే, పిల్లల కోసమొచ్చిండు, పిల్లలను బయటికి తేండ్రి అని. ఎవరు నమ్ముతరు? పన్ను పెంచుమని దరఖాస్తిచ్చినోడే వచ్చి, ఈయన పన్నోడు కాదంటుండు. విజయేందర్ కిటికీల నుంచే, మమ్మల్ని ఇంత పిచ్చోళ్ళ లెక్క చూస్తున్నవా అన్నా అని రెక్క మూసిండు. గప్పుడు పర్శరాములు గల్లీ నడుమ నిలబడి, మెడ ఎత్తి, మిద్దెల దిక్కు చూసుకుంట పిల్లలను పేర్లు పెట్టి పిలిచిండు. ఒక్కొక్క పేరు. తారక్ అని పిలిచిండు, భానుశ్రీ అని పిలిచిండు, కేదార్ అని పిలిచిండు. మిద్దెల మీద రేకులు కదిలిన సప్పుడు వస్తుండెగని మనిషి కనవడలే. విజయేందర్ మిద్దె మీది నుంచి ఒక్క గొంతు వచ్చింది, ‘తాతా, నేనీడున్న’ అని. దివ్యశ్రీ. ఆ హాస్టలు ఊడ్చే వజ్రమ్మ మనవరాలు, తల్లిదండ్రి లేని పిల్ల. మళ్ల పిలిచిండు, మళ్ల రాలే ఆ గొంతు. వజ్రమ్మ దాని నోరు మూసింది. ఆమెను ఏమంటం, నోరు మూయకుంటె ఆ రేకుల అర్ర సుత పోతుండె.

కార్డు మెడలేసుకున్నాయన చెడ్డోడు కాదు. బడికొచ్చి నీళ్ళు తాగిండు. పిల్లలున్నరు సార్, మిద్దెల మీదున్నరని నేనన్న. రిజిస్టరు చూపిచ్చిన. ‘పేర్లు అన్ని రిజిస్టర్లల్ల ఉంటయి సారూ, బెంచీల మీద ఉండాలె. మిద్దెల మీదున్నరని నేను రాయలేను’ అన్నడు. చూసిందే రాసుకొని పోయిండు. ఆయన గల్లీ దాటినంక గొళ్ళేలు తీసిండ్రు. పిల్లలు నవ్వుకుంట దిగి, సార్, మేము ఇంట్ల లేము అని బడిలకు ఉరికొచ్చిండ్రు. నేను పాఠం చెప్పలేకపోయిన. చింతచెట్టు కింద ఆడుకోండ్రని వదిలేసిన.

తర్వాత కాయితమొచ్చింది, బడి రోడ్డవతల కలిసింది, ఈ గేటుకు తాళం పడ్డది. గల్లీ అంత గుమిగూడితె విజయేందర్ అందరి ముందట అన్నడు, అన్నా, నువ్వు పన్ను ముచ్చట ఎత్తకుంటె మేము ఆనాడు పిల్లలను దాస్తుమా అని. పర్శరాములు ఆ మాటను అట్లనే మింగిండు. నేను ఎన్నిసార్లు చెప్పిన్నో, నీ తప్పు కాదు పర్శరాములూ అని. సారూ, నా తప్పో ఎవరి తప్పో, రోడ్డు దాటవలసింది వాండ్లు కద, అన్నడు. బడి గుడ్డ తాను ఒకటి మిగిలుండె. దాన్ని చీరి, మూడు మడతలు పెట్టి ఈ పట్టీ కుట్టిండు, పిల్లకొక పిడి. పంజాగుట్ట రోడ్డు గప్పుడు మెట్రో కోసం తవ్వి పెట్టిండ్రు, అడ్డంగ రేకులు, సందుల్నుంచి బస్సులు. పొద్దున పిల్లలందరిని ఈ అరుగు కాడ నిలబెట్టి, తలా ఒక పిడి పట్టిచ్చి, ముందట తాను నడిచేటోడు. సాయంత్రం మళ్ల పోయి తెచ్చేటోడు. దుకాణం మూసే పోయేటోడు మరి, గిరాకీ ఎట్లనూ లేదు. బస్సు డ్రైవర్లు రైలు తాత వచ్చిండని ఆపేటోళ్ళు. వానొస్తె పిల్లల మీద ప్లాస్టిక్ కవరు కప్పి, తాను తడిసేటోడు. రెండో ఏడు వానల ఛాతీల నెమ్ము చేరింది. దవాఖానల చూడబోతె, రేపు పొద్దున ఎవరు పోతరు సారూ అన్నడు. గదే ఆఖరు మాట నాతోని.

ఆయన పోయినంక కొన్ని దినాలు పిల్లలను కాంతవ్వ తోలుకపోయింది. ఆమె మోకాళ్ళు సాగలే, కొడుకు వచ్చి ఆమెను, నిరోషను తీసుకపోయిండు. ఈ పట్టీ నాకిచ్చి పోయింది. నేనూ తీసుకపోయిన, ఆపరేషనై ఈ కాలు ఇట్లయ్యేదాక. ఆ తర్వాత పిల్లలు ఒకరెన్క ఒకరు మానుకున్నరు. పన్నా? పన్ను పెరిగిందిరా చింటూ. తర్వాతి ఏడు నిజంగనే పన్నోళ్ళొచ్చిండ్రు. టేపు తేలే, మిద్దె ఎక్కలే. ఈ హాస్టళ్ళోళ్ళు మంచాల ఫోటోలు, భోజనం ఫోటోలు గిరాకీ కోసం ఫోన్లల్ల పెట్టుకున్నరు కద, అవే చూసుకుంట రాసుకున్నరు. అందరు కట్టిండ్రు. విజయేందర్ ఇప్పటికీ కడుతుండు. బడి లేకుండనే కడుతుండు.

దివ్యశ్రీ ఏమైందా? మానసా, నువ్వే అడుగుతవని అనుకున్న. ఆ పిల్లను ఒక్కదాన్ని రోడ్డు దాటియ్యలేక వజ్రమ్మ బడి మానిపిచ్చి తన ఎంబడి పనికి పెట్టుకున్నది. హాస్టలు వంటింటి కిటికీల నుంచి మీకు అప్పడాలిచ్చే అక్క లేదూ, గిన్నెలు తోముకుంట పాట పాడే అక్క... ఆ, ఆ దివ్యక్కనే. లెక్కల మంచిగుండె. పిలిస్తె పలికేది.

చింటూ, ఇటియ్యి ఆ పట్టీ. లే, నువ్వు ముందట నిలబడొద్దు. ముందటి పిడి పెద్దగ కుట్టిండు, చూడు, అది పెద్దోళ్ళ మణికట్టుకు. నీ చేతికి వదులైతది, జారిపోతది. ఈ కాలుతోని నేను ముందట నడవలేను, ఇంకెవరు పట్టుకుంటరంటె...

లేవుండ్రి ఇగ. కరెంటు పోయేటట్టుంది. ఇండ్లకు పోయి అన్నం తినుండ్రి, పోండ్రి.