చెవి వెట్టి విన్న పాస్‌వర్డ్

చొప్పదండి బస్టాండ్ ఎదురుంగ, గంగుబాయి చాయ్ హోటల్ల పర్శరాములు కంప్యూటర్ డబ్బా ఒళ్లో వెట్టుకొని కూసున్నడు. మరమగ్గాల చీరల అంచులకు నాలుగేండ్ల సంది గీసిన డిజైన్లన్ని అండ్లనే ఉన్నయ్. మొన్న అప్‌డేట్ చేసినకాంచి అది లేస్తలేదు, పాస్‌వర్డ్ కొడితే తప్పంటుంది. రిపేర్ల విజయేందర్‌కు ఇద్దామని వచ్చిండు గని, ఆయన ముందుగాల చాయ్ అన్నడు, చాయ్‌తోని ముచ్చట మొదలువెట్టిండు.

"ఫికర్ చెయ్యకు కాకా. నీ డబ్బాను నడిపే లినక్స్ అంటే మనకు మంచినీళ్లు. మొన్న హుస్నాబాద్ కాలేజీ మమతారాణి మేడం గిసొంటిదే తెచ్చింది. నల్లటి తెర, మీద 'గ్రబ్' అని ఒక్కటే ముక్క. గ్రబ్ అంటే ఏందనుకున్నవ్? కంప్యూటర్‌ను నిద్ర లేపేటోడు. లేపేటోడే పండుకున్నడు! డిస్కుకేమో పాస్‌వర్డ్ తాళం. పెన్‌డ్రైవ్ వెట్టిన, వాన్ని లేపిన, ఐదు నిమిషాలు."

"గంతేనా?" అన్నది గంగుబాయి చాయ్ వడగడుతు.

"గంతే అయితే చెప్పుడెందుకక్కా? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? మేడం పాస్‌వర్డ్ మర్సిపోయింది! నేను డిస్కుకు చెవి వెట్టిన. ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పుడుంటది, అందరికి ఇనరాదు, అరవై నాలుగు అక్షరాలు, నడుమ లారోడు హారన్ కొట్టిండు, అయినా ఒక్కటి తప్పిపోలే. ఎంటర్ కొట్టిన. గా ఊపుకు మా గల్లీల కరెంటు లేని మగ్గాలు సుత టకటక నడిచినయ్, పొద్దుమీకేసరికి ఓ చీర దిగింది, అంచు పొడుగున ఏముందో చెప్పుండ్రి... పాస్‌వర్డ్!"

బెంచీ మీదోళ్లు నవ్విండ్రు. పర్శరాములు నవ్వలే. చిన్నప్పటి సంది మగ్గం మీదున్నోడు, గా చీర అబద్ధమని ఆయనకు ఎరికే. అయినా ఇన్ని కోతల నడుమ ఒక్క ముచ్చటన్న నిజమైతే సాలని డబ్బాను గట్టిగ పట్టుకున్నడు.

"ఇంకా ఇను! గా తాళం కనిపెట్టిన జర్మనీ దొర ఫోన్ చేసిండు. 'అన్నా, మా ఇంట్ల బీరువా తెరుసుకుంటలేదు, జర ఫోన్ల చెవి వెట్టు' అన్నడు. వెట్టిన. తెరుసుకుంది. అండ్లకెళ్లి ఆయన అత్త బయటికొచ్చి నాకు దండం వెట్టింది!"

పక్క బెంచీ మీద బస్సు కోసం కూసున్న పద్మలత గ్లాసు కింద వెట్టింది. గదే హుస్నాబాద్ కాలేజీల ఆమె కంప్యూటర్ పంతులమ్మ.

"అన్నా, మమతారాణి టేబుల్ నా పక్కదే. డిస్కు సచ్చింది, అంత తుడిసి కొత్తగ ఎక్కిస్తనన్నవట గదా. ఏడ్సుకుంట వాపస్ తెచ్చుకుంది. ఆమె పాస్‌వర్డ్ వెట్టింది తెలుగు కీబోర్డుల. అప్‌డేట్ అయినంక లేసేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషుకు మారింది. మీటలు గవే, అక్షరాలు వేరు. నేనే పెన్‌డ్రైవ్‌తోని లేపి, తెలుగుకు మార్చి కొడితే తెరుసుకుంది. ఒక్క ఫైలు పోలే."

విజయేందర్ నవ్వబోయిండు. ఎవ్వలు జత కలవలే.

పర్శరాములు లేసి నిలవడ్డడు. "నా పాస్‌వర్డ్ గూడ తెలుగులనే బిడ్డా, మా అవ్వ పేరు," అన్నడు పద్మలతతోని. తర్వాత విజయేందర్ దిక్కు తిరిగిండు.

"పోయినేడు మా తమ్ముడు దేవదాస్ డబ్బా గూడ డిస్కు సచ్చిందనే తుడిసినవ్. అండ్లున్న డిజైన్లు పోయినంకనే వాడు మగ్గం ఇడిసి భీవండికి కూలికి పోయిండు. నిజంగ డిస్కే సచ్చిందా? లోపట చూసినవా?"

అప్పటిదాక అంత పొడుగు మాట్లాడినోని నోట్లెకెళ్లి ఒక్క మాటే ఎల్లింది.

"చూడలే."