రాళ్ల గట్టు

వార్డు ఎన్నికల్లో ఓడిన మర్నాడు పొద్దున్నే అతను సముద్రపొడ్డుకు వెళ్లాడు. ఐదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, కిందటి తుఫానుకు ముందు తను వేయించిన రాళ్ల గట్టు మీదే పోతమ్మ పూర్ణా మార్కెట్‌కు పట్టుకెళ్లే చేపలు ఆరబెడుతోంది.

“పిన్నీ, నువ్వూ ఆ గెలిసినోడికే ఓటేసినావా?”

“ఏసినాను బాబూ. నీకాడ అబద్ధమెందుకు?”

“ఏటి సేసినాడని?”

“తుఫాను నాడు నన్ను భుజానెత్తుకోని నీళ్లల్లో నడిసినాడు గదా! పేపర్లో బొమ్మేసినారు. మా గోడకి అతికించినాను.”

“ఎంత నీరు?”

“మోకాల్లోతు.”

“నడవలేకపోయినావా?”

“ఎందుకు నడవలేను? నడుత్తాననే అన్నాను. ఫోటో తీసినోడు, నువ్వుండే ముసిలమ్మా అని కసిరినాడు.”

“ఈ గట్టు లేకపోతే నీరెంతొచ్చీది?”

ఆమె ఒక చేపను తిరగేసింది.

“పీకల్దాకా వచ్చీది. ఇల్లూ పోయీది.”

“తెల్సీ ఆడికేసినావా?”

“ఆ రోజు నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. గట్టు తెగిపోకండా ఇసక బస్తాలు ఏత్తన్నాను.”

“అదే మరి. పేటంతటికీ నీ ఈపే కనబడింది, ఆడి మొకం కనబడింది.”

అతను జారిన రాయొకదాన్ని గట్టులోకి సర్దుతూ అడిగాడు.

“గెలిసినాక ఏటి సేత్తాడంట?”

“ఈ రాళ్లు తీయించీసి పార్కు కడతాడంట. సముద్రం కనబడకండా అడ్డంగా ఉన్నాయని మీటింగులో సెప్పినాడు. అందరం సప్పట్లు కొట్టినాం.”

“మరి మళ్లీ తుఫానొత్తే?”

“ఆడున్నాడు గదా బాబూ. ఎత్తుకుంటాడు.”