అర్ధాంతరం గారి బ్యాగు

పాయింట్ కుక్‌లో డిసెంబరు ఆదివారం, ఉదయం పదిన్నర. కుక్కర్ పెడదామంటే ఇంట్లో గింజ బియ్యం కనపడక ఉమామహేశ్వరరావు అప్పటికే రెండుసార్లు గరాజ్‌లోకి వెళ్ళొచ్చాడు. భార్య శేషుకుమారి గోధుమపిండి కలుపుతోంది.

"అది కాదు శేషూ, నేనడిగేది ఒకటే. పది కిలోల సోనా మసూరి బస్తా మొన్న నేనే మోసుకొచ్చి పాంట్రీలో పెట్టాను. ఏమైంది?"

"ఉంది."

"ఎక్కడుంది?"

"ఉందని చెప్తున్నాగా. ఇవాళ్టికి చపాతీలు చేస్తాను."

"చారు పెట్టి చపాతీలేంటి? చారులో ముంచుకు తినాలా?"

"ఒక పూట తింటే ఏం పోదు."

"తినననడం లేదు. బస్తా ఏదీ అంటున్నాను. గరాజ్‌లో మన సాకేత్ బ్యాగు కూడా చోటు మారింది."

"దాని జోలికి మీరెందుకెళ్ళారు?"

"వెళ్ళలేదు. కాలికి తగిలింది. పక్కకి జరుపుదామంటే కదల్లేదు. వాడు పోయి పది నెలలైంది, ఆ బ్యాగులో నాలుగు చొక్కాలూ ఒక జత బూట్లూ తప్ప... శేషూ! బియ్యం అందులో పోశావా?"

"పొయ్యలేదు. బస్తాతోనే పెట్టాను. తియ్యకండి, సర్దడానికి గంట పట్టింది నాకు. బరువు భుజాల దగ్గరుండాలట, కిందకి జారితే నడుం పట్టేస్తుందని ఫెంకె చెప్పింది."

"ఫెంకెనా? ఆ డచ్ పిల్లా? దాంతో ఇంకా మాట్లాడుతున్నావా?"

"శనివారం శనివారం మాట్లాడతాను. 'దాంతో' అనకండి. మన పిల్లాణ్ణి అడవిలో దుంగకి ఉయ్యాలలా కట్టి ఒక రోజంతా మోశారు, ఆ పిల్లా, ఆ న్యూజిలాండ్ కుర్రాడూ. ఏం చుట్టరికమని మోశారు? బస్సులో పరిచయం. ఆ పిల్లకి కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదట."

"సరే, అనను."

"గుడ్ మార్నింగ్. ఏంటి నాన్నా, పైదాకా వినిపిస్తోంది?"

"రా తన్మయీ, నువ్వే చెప్పు. మీ అమ్మ అన్నయ్య బ్యాగులో బియ్యం బస్తా పెట్టింది."

"ఐ నో."

"నీకు తెలుసా!"

"ఆగస్టు నించీ. రోజూ ఫైవ్ థర్టీకి అది వేసుకుని కోస్టల్ పార్క్ దాకా నడిచి వస్తుంది. ఫస్ట్ టూ కేజీస్ కందిపప్పు పెట్టుకునేది. తర్వాత ఫైవ్ కేజీస్ ఆటా. ఈ వారం టెన్."

"వాకింగ్‌కని చెప్పావు నాతో!"

"వాకింగే కదండీ."

"మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లు ఎక్కనిదానివి!"

"ఎక్కుతున్నాగా ఇప్పుడు. మీరు చూడలేదు."

"వీధిలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"చూశారు. ఎదురింటి యోగానంద్ గారు 'ఏమ్మా, ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నావా?' అన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఇంకా లేదండీ అన్నాను."

"అమ్మా! ...సారీ నాన్నా, నవ్వొచ్చింది."

"నవ్వండి, ఇద్దరూ నవ్వండి. ఎందుకో మాత్రం చెప్పకండి నాకు."

"మీకు తెలీదూ?"

"తెలీదు."

"వాడు నడిచిన అడవిలో నడుద్దామని. ఫిబ్రవరిలో అక్కడ వానలుండవట. ఫెంకె కూడా వస్తానంది, ఆ కుర్రాడూ వస్తాడు. దారి చూపించడానికి అప్పటి గైడే."

"ఫిబ్రవరిలోనా? ఆబ్దికానికి పంతులుగారితో మాట్లాడి పెట్టాను నేను! హాలు కూడా..."

"వద్దని చెప్పండి ఆయనకి."

"మతి పోయిందా? ఏడాది తిరిగేసరికి పిల్లాడికి చెయ్యాల్సింది వదిలేసి, గ్వాటెమాలా వెళ్ళి ఏం చూస్తావు? ఏముందక్కడ?"

"చెట్లు, బురద, తెల్లారకుండానే అరిచే కోతులు. వాడు పంపిన ఫొటోల్లో ఉన్నవే."

"వద్దు శేషూ. వెళ్ళకు."

"ఏం?"

"వద్దంటున్నాను. నీ ఆరోగ్యం..."

"బీపీ కూడా తగ్గింది నాకు. ఇంకోటి చెప్పండి."

"ఆ పిల్ల... నీకేమైనా చెప్పిందా?"

"ఏం చెప్పాలి?"

"ఏం లేదు. ఊరికే అడిగాను."

"ఏం చెప్పి ఉంటుందనుకుంటున్నారు?"

"ఏమీ లేదన్నానుగా! చపాతీలు చెయ్యి, తినేస్తాను. ఏదో ఒకటి పెట్టు."

"నాన్నా, ఎక్కడికి? కూచోండి. వాట్స్ గోయింగ్ ఆన్?"

"ఏం లేదమ్మా."

"మీరెప్పుడూ ఏం లేదనే అంటారు. అన్నయ్య పోయినప్పట్నించీ ఈ ఇంట్లో అందరూ ఏం లేదు, ఏం లేదు. ప్లీజ్ నాన్నా."

"...వాడు ఫోన్ చేశాడు."

"ఎవరు? అన్నయ్యా? ఎప్పుడు?"

"అడవిలోకి బయల్దేరే ముందు రోజు, అక్కడ సాయంత్రం. సిగ్నల్ ఉన్న ఆఖరి ఊరు నించి. నేను ఆఫీసులో ఉన్నాను. మీటింగ్‌లోంచి బయటికొచ్చి ఎత్తాను."

"మాకెందుకు చెప్పలేదు?"

"అమ్మకి చెప్పకు నాన్నా, కంగారు పడుతుంది, అందుకే నీకు చేశాను అన్నాడు."

"ఎందుకు చేశాడండీ?"

"రాత్రి నించీ జ్వరమట. కళ్ళ వెనక నొప్పి, కీళ్ళు పట్టేశాయి అన్నాడు. అడవి లోపలి పాత గుడి దాకా ఆరు రోజుల నడక నా వల్ల కాదేమో, వాళ్ళని వెళ్ళమని నేను ఊళ్ళో ఆగిపోతాను, ఏమంటావు? అన్నాడు."

"అడిగాడా మిమ్మల్ని?"

"అడిగాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, పక్క ఊరు వెళ్ళాలన్నా నన్నడగనివాడు, ఆ రోజు అడిగాడు."

"మీరేమన్నారు?"

"నవ్వుతూనే అన్నాను శేషూ. ఒట్టు. కోపంగా కాదు."

"ఏమన్నారండీ?"

"'ఏమిటి అర్ధాంతరం గారూ, ఇది కూడానా?' అన్నాను."

"ఓ నాన్నా..."

"మనందరం అనేవాళ్ళమే కదే! మృదంగం మానేసినప్పుడు అన్నాం, ఈత మానేసినప్పుడు అన్నాం. యూనివర్సిటీ రెండో ఏడు వదిలేసి కెమెరా పట్టుకుంటే కేక్ మీద రాయించాం, నువ్వే రాయించావు తన్మయీ! వాడూ నవ్వేవాడు. ఆ రోజు కూడా నవ్వాడు."

"నవ్వి?"

"'లేదు నాన్నా, ఇది పూర్తి చేస్తాలే, చూడు' అన్నాడు. పెట్టేశాడు. మామూలు జ్వరమనుకున్నాను. తోడు మనుషులున్నారుగా అనుకున్నాను. వెళ్ళి మళ్ళీ మీటింగ్‌లో కూచున్నాను శేషూ, మిగతా సగం."

"మంచినీళ్ళు తాగండి."

"ఏమీ అనవేం?"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇదంతా. ఆగస్టులో చెప్పింది ఫెంకె. ఫోన్ చేస్తున్నప్పుడు పక్కనే ఉందట. మొదటి రోజు వెనక్కి వెళ్దామందట, రెండో రోజూ అందట. కంచరగాడిద ఎక్కించి పంపిస్తానన్నాడట గైడు. వీడు వినలేదు. మా నాన్నకి మాటిచ్చాను అన్నాడట. మూడో రోజు మకాంలో పడుకున్నవాడు ఇంక లేవలేదు. అప్పుడు మొయ్యడం మొదలుపెట్టారు."

"ఆగస్టు నించీ తెలిసి... రోజూ నాకు అన్నం పెట్టావా?"

"పెట్టాను."

"ఒక్క మాట అడగలేదేం?"

"మీరే చెప్తారని చూశాను. కొన్ని రోజులు మీ మొహం చూడబుద్ధయ్యేది కాదు. ఆ రోజుల్లో బ్యాగులో ఇంకో కిలో వేసుకుని వెళ్ళేదాన్ని."

"తిట్టు శేషూ. తన్మయి ముందే తిట్టు, పర్లేదు."

"ఎలా తిట్టను? ఆ పేరు పెట్టిందెవరు?"

"అది..."

"నేను. వాడికి తొమ్మిదేళ్ళు. మృదంగం మాస్టారు గుమ్మంలో నిలబడి పిల్లాడు రావట్లేదేమమ్మా అంటే, 'మా అర్ధాంతరం గారికి బుద్ధి పుట్టాలిగా' అన్నాను. ఆయన పకపకా నవ్వారు. వాడు తలుపు వెనకే ఉన్నాడు. నా మాటే మీరు వాడికి అప్పజెప్పారు."

"అమ్మా, స్టాప్. ఇద్దరూ ఆపండి, ప్లీజ్."

"ఆపాను. నువ్వూ కూచో తల్లీ. ఇంట్లో అందరికీ ఒకేసారి చెబుదామనుకున్నాను. అందరూ అంటే ముగ్గురమే అయ్యాం. టికెట్లు తీసేశాను, ముగ్గురికీ."

"నాక్కూడానా?"

"మీకూనండీ. రేపట్నించి నాతో నడవండి. రెండు కిలోలతో మొదలుపెట్టండి, తొందర లేదు."

"నడుస్తాను. పది కాదు, ఇరవై మోస్తాను. వాడు ఆగిన చోటు నించి మిగతా మూడు రోజులూ నేను నడుస్తాను శేషూ. ఆ పాత గుడి పైదాకా ఎక్కుతాను. వాడు పూర్తి చేస్తానన్నది నేను పూర్తి చేసి..."

"లేదండీ."

"ఏం? ఎక్కగలను."

"ఎక్కగలరు. కానీ గుడి దాకా వెళ్ళం. మూడో రోజు వాడు పడుకున్న మకాం దాకా వెళ్తాం. కాసేపు వాడి దగ్గర కూచుంటాం. అక్కణ్ణించి ముగ్గురం వెనక్కి వచ్చేస్తాం, సగంలోనే."