సూది బాబాయ్ వేసిన చుక్కలు

ఆదివారం పొద్దున మా మావయ్య సెలూన్‌లో కరెంటు పోయింది. మిషను ఆగిపోయింది, ఫ్యాను ఆగిపోయింది. సగం క్రాపుతో లారీ డ్రైవరు, వంతు కోసం కూర్చున్న టైలరు, నేను, అందరం బయట అరుగు మీదికి చేరాం. పక్క బడ్డీ నుంచి టీలు వచ్చాయి. టీలతో పాటే సూది బాబాయ్ కూడా వచ్చాడు. నలుగురు ఊరికే కూర్చున్న చోటు ఆయనకి వాసనకే తెలిసిపోతుంది.

బాబాయ్ ఒకప్పుడు దుకాణాలకి బోర్డులు రాసేవాడు. ఆ పని తగ్గిపోయాక పచ్చబొట్ల దుకాణం పెట్టాడు. ఈమధ్య బట్టతలల మీద చుక్కలు కూడా వేస్తున్నాడు. సన్నటి సూదితో నెత్తి నిండా రంగు చుక్కలు పొడిస్తే, చూసేవాళ్ళకి పొట్టిగా గొరిగిన జుట్టులా ఉంటుంది. బోర్డు మీద మైక్రోపిగ్మెంటేషన్ అని పెద్ద పేరు రాసుకున్నాడు గానీ, మా వీధిలో అందరూ చుక్కలనే అంటారు. చెయ్యి మంచిదే. నోటికే అడ్డూ అదుపూ ఉండదు.

ఇక నా సంగతి. నేను ఫోన్లు బాగుచేస్తాను. వయసు ఇరవై మూడు. తల వంచి స్క్రూలు విప్పుతుంటే, ఎదురుగా నిలబడ్డవాళ్ళకి ముందు కనిపించేది నా నడినెత్తే. మొన్న ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని, "ఈ తాతయ్య బాగుచేస్తాడా?" అని అడిగింది. ఆవిడ గబుక్కున పిల్ల నోరు మూసింది. నేను నవ్వేసి ఊరుకున్నాను గానీ, ఇంటికెళ్ళేటప్పటికి చుక్కలు వేయించుకోవాలని తేల్చుకున్నాను. మావయ్య ఒక్కడికే చెప్పాను. "చూద్దాంలేరా," అన్నాడు. ఆయన చూద్దామన్నాడంటే వద్దని అర్థం.

బాబాయ్ టీ అందుకుని, "కరెంటంటే గుర్తొచ్చింది," అని మొదలుపెట్టాడు.

"కరెంటు పని చేసే కుర్రాడొకడు ఉండేవాడు, అవతలి వీధిలో, మీకు తెలీదులే. నెత్తి మీద నీళ్ళు పోస్తే చుక్క నిలవదు, అంత నునుపు. బాబాయ్, నువ్వే దిక్కన్నాడు. సరే కూర్చోమన్నాను. చుక్క పక్కన చుక్క, చుక్క పక్కన చుక్క, ఇక చూడు, పొద్దున కూర్చున్నవాడు పొద్దుగూకాక లేచాడు. ఇంటికెళ్ళి తలుపు కొడితే వాళ్ళమ్మ తీసి, మా అబ్బాయి పనికెళ్ళాడు నాయనా, తర్వాత రా అంది."

"ఇంతవరకూ నమ్మొచ్చు," అన్నాడు టైలరు.

"నమ్మకేం చేస్తావ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడు పనిమీద వేరే ఊరెళ్ళి, గడ్డం చేయించుకుందామని అక్కడ సెలూన్‌లో కూర్చున్నాడు. ఆ సెలూన్ ఆయన వీడి నెత్తి చూసి, పైన కూడా కాస్త పెరిగింది, తీసేస్తానంటూ మిషను పెట్టాడు. అటు తోశాడు, ఇటు తోశాడు, ఒక్క వెంట్రుక రాలితే ఒట్టు. బ్లేడు మొద్దుబారిందని కొత్తది వేశాడు. అదీ అంతే. చివరికి తన చేతి మీద తనకే నమ్మకం పోయి, దుకాణం మూసేసి ఇప్పుడు కూరగాయలు అమ్ముకుంటున్నాడు."

మావయ్య మిషను తుడుచుకుంటూ, "పాపం," అన్నాడు.

"మనుషుల సంగతి వదిలెయ్, పేల సంగతి విను. వాళ్ళ చెల్లెలి తల్లో పేలు వీడి నెత్తి చూసి మనసు పడి, పిల్లాజెల్లాతో కాపురం మార్చాయి. తీరా వచ్చాక పట్టుకోవడానికేమీ లేదు. నడిస్తే జారుతున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి. అయినా వెనక్కి పోవే. ఇంత అడవి చూపించి మోసం చేస్తారా, న్యాయం తేల్చండని అక్కడే బైఠాయించాయి."

డ్రైవరుకి టీ పొలమారింది.

"మెల్లిగా తాగు తమ్ముడూ, అసలు కథ ఇప్పుడే వస్తోంది. వాడి నెత్తిలో ఎప్పుడో నిద్రపోయిన కుదుళ్ళు ఉన్నాయి కదా, అవి ఒకరోజు పైకి తొంగి చూశాయి. చూస్తే ఏముంది, ఎటు చూసినా చుక్కలే. అయ్యో, అందరూ లేచిపోయారు, మనమే మొద్దునిద్ర పోయామని సిగ్గుపడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికొచ్చేశాయి. నెల తిరిగేసరికి వాడికి భుజాల దాకా జుట్టు. వాడు స్కూటరు మీద పోతుంటే ఆ గాలి తగిలి వెనకొచ్చేవాళ్ళకి మీసాలు ఒత్తుగా పెరిగాయి. ఆడవాళ్ళు వాణ్ణి చూసి పక్క సందులోకి తిరిగిపోయేవాళ్ళు. అంతెందుకు, ఆ స్కూటరుకి టైర్లు రెండూ గుండైపోయి ఉంటే, వాటికీ మళ్ళీ గాట్లు లేచాయి."

"నా లారీకి ఆరు టైర్లున్నాయన్నా," అన్నాడు డ్రైవరు. "ఆ కుర్రాణ్ణి ఒకసారి ఇటు పంపు."

"టైర్లదేముంది. ఆ రోజు వాడికి వేస్తుంటే మోచెయ్యి తగిలి రంగు సీసా గోడ మీద ఒలికింది. పోనీలే అని వదిలేశాను. వారానికల్లా గోడకి నూగు. ఇంకో వారానికి ఉంగరాల జుట్టు. సున్నం వేసే ఆయన వచ్చి చూసి, ముందు దీనికి క్రాపు చేయించండి, తర్వాత కబురు పెట్టండని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మా ఆవిడ పొద్దున లేస్తే ముందు పిల్లకి జడ, ఆ తర్వాత గోడకి జడ. వానాకాలమొస్తే చుండ్రు."

"గోడకి ఏ రంగు రిబ్బను కడతారు?" అని అడిగాడు టైలరు.

"కర్టెన్ రంగుని బట్టి," అన్నాడు బాబాయ్, తడుముకోకుండా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా మనసంతా ఆ కరెంటు కుర్రాడి దగ్గరే ఉండిపోయింది. కోతలని తెలుసు. తెలిసినా, అవసరం ఉన్నవాడికి కోతల్లో కూడా ఏదో ఒక గింజ కనిపిస్తుంది.

"బాబాయ్, నాకూ వేస్తావా?" అన్నాను. "ఇవాళే."

బాబాయ్ నవ్వుతూనే నా వైపు తిరిగాడు. నేను నవ్వడం లేదని చూసి గ్లాసు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని, "ఇలా వెలుతురులోకి రా, తల వంచు," అన్నాడు. బొటనవేళ్ళతో జుట్టు పాయలు తీస్తూ చాలాసేపు చూశాడు.

"ఎప్పట్నుంచి రాలుతోంది?"

"రెండేళ్ళయింది."

"ఆగిందా?"

"లేదు. రోజూ దిండు మీద కనిపిస్తూనే ఉంది."

"మీ నాన్నకి?"

"చెవుల పక్కన మాత్రం మిగిలింది."

ఆయన చేతులు తీసేశాడు. "ఇప్పుడొద్దురా."

"ఎందుకు బాబాయ్? చిన్నవాడిననా?"

"చిన్నవాళ్ళకీ వేశాను. వయసు కాదు అడ్డం. నీ జుట్టు ఎక్కడ ఆగాలో అదింకా తేల్చుకోలేదు. ఇవాళ నీ నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీతని ముచ్చటగా కిందికి దించుతాను, నువ్వు మురిసిపోతావు. నేను వేసిన చుక్క వేసినచోటే ఉంటుంది, నీ జుట్టు ఉండదు. అది వెనక్కి పోయేకొద్దీ మధ్యలో ఖాళీ. అది నింపడానికి మళ్ళీ నా దగ్గరికి రావాలి, రంగు వెలిసినప్పుడల్లా రావాలి. పైగా చుక్కలు బాగుండాలంటే ఉన్న జుట్టు కూడా ఎప్పుడూ పొట్టిగా గొరిగించుకోవాలి. నీకు పెంచుకోవాలనుందా, గొరిగించుకోవాలనుందా?"

"పెంచుకోవాలనే ఉంది."

"అయితే ముందు చర్మం డాక్టరుకి చూపించు. మందుతో నిలుస్తుందో లేదో ఆయన చెప్తాడు. సంగతి తేలాక, అప్పటికీ కావాలంటే రా. నేనెక్కడికీ పోను."

ఆయన అంతసేపు కోతల్లేకుండా మాట్లాడగా వినడం అందరికీ అదే మొదటిసారి. మావయ్య నా వీపు మీద చెయ్యి వేశాడు.

టైలరు మాత్రం ఊరుకోలేకపోయాడు. "అదేంటయ్యా, గోడకి జడలేయించినవాడివి, వీడి నెత్తి దగ్గరికొచ్చేసరికి ఇన్ని లెక్కలా?"

బాబాయ్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"గోడ అద్దంలో చూసుకోదు కదయ్యా," అన్నాడు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మందు రాసి, ఓపిక పట్టమన్నాడు. రాలడం కొంత తగ్గింది, పోయింది మాత్రం పెద్దగా తిరిగి రాలేదు. చుక్కలు ఇంకా వేయించుకోలేదు. వేయించుకోకూడదని ఒట్టూ పెట్టుకోలేదు. వేయించుకుంటే బాబాయ్ దగ్గరే.

ఆయనకి ఇప్పుడు కొత్త కథ దొరికింది. ఎవరైనా కొత్తవాళ్ళు అరుగెక్కితే చాలు, నన్ను చూపించి, "వీడికి సూది కూడా తగల్లేదు, ఊరికే చెయ్యి పెట్టి చూశానంతే, రాలిన జుట్టంతా దిండు దిగి, మెట్లు దిగి, రోడ్డు దాటి వీడి నెత్తికి నడిచొచ్చేసింది," అంటాడు. వాళ్ళంతా నా నెత్తి వంక చూస్తారు.

"దారిలో చాలావరకు తప్పిపోయింది లెండి," అంటాను.